ఫోన్ తియ్యి, లాక్ తెరువు



2021 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు రోడ్ల మీద బండ్లు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు తెరిపించి, వాట్సాప్‌లో గంజాయి లాంటి మాటల కోసం వెతకడం మనమంతా చూశాం. అదేమిటని అడిగితే, మేమెవరినీ బలవంతపెట్టడం లేదు, జనమే సహకరిస్తున్నారని ఒక అధికారి జవాబిచ్చారు. నడిరోడ్డు మీద ఖాకీ బట్టల మనిషి చెయ్యి చాస్తే సహకరించని వాడెవడు? దాన్ని సమ్మతి అనడానికి నాకు నోరు రాదు.

గోప్యత హక్కు చరిత్రలో మన రాజమండ్రి మనిషి ఒకరు ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ మీద దోపిడీ కేసు సాక్ష్యం లేక వీగిపోయింది. అయినా పోలీసులు ఆయన పేర హిస్టరీ షీటు తెరిచి, రాత్రిళ్లు ఇంటికొచ్చి తలుపు తట్టేవారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి రాకలను మాత్రం కొట్టేసి, గోప్యత మన రాజ్యాంగంలో హామీ ఉన్న హక్కు కాదంది. ఆ రాజమండ్రి మనిషి, జస్టిస్ కోకా సుబ్బారావుగారు, ఒప్పుకోలేదు. గోప్యత లేనిదే వ్యక్తి స్వేచ్ఛ లేదని, ఆ రాకలకు వీలిచ్చిన పోలీసు నిఘా నిబంధన మొత్తం చెల్లదని రాశారు. జస్టిస్ షా ఆయనతో నిలిచారు. ఆ భిన్నతీర్పు దాదాపు 55 ఏళ్లు పుస్తకాల్లోనే ఉండిపోయింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో 9 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అటువైపు వచ్చారు.

మధ్యలో ఇంకో కేసు, ఇదీ మనదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపు చట్టం 73వ సెక్షన్‌ను సవరించి, కలెక్టరు పంపిన వారెవరైనా బ్యాంకుల్లో ఉన్న కాగితాలు తిరగేయవచ్చంది. 2004లో కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాగితం బ్యాంకుకు చేరినంత మాత్రాన గోప్యత పోదని, ఆ హక్కు స్థలానిది కాదు, మనిషిదని చెప్పింది. అలాంటప్పుడు ఇంట్లో ఉన్న ఫోన్‌కు ఒక న్యాయం, చౌరస్తాలో ఉన్న ఫోన్‌కు ఇంకో న్యాయం ఎలా కుదురుతాయి?

మరి పోలీసుకు ఇంత ధీమా ఎక్కడిది? 1973 చివర్లో వచ్చిన పూరణ్ మల్ తీర్పు ఇచ్చింది. సోదా చట్టవిరుద్ధమైనా, దొరికినది కేసుకు సంబంధించినదైతే సాక్ష్యంగా చెల్లుతుందని అది చెప్పింది. ఇక తప్పుడు సోదా వల్ల పోలీసుకు పోయేదేముంది? దొరికితే కేసు, దొరకకపోతే “పో, పో”. ఆ తీర్పు ఆనుకున్నది 1954 నాటి ఎం.పి. శర్మ కేసు మీద. గోప్యత రాజ్యాంగ హక్కు కాదన్న శర్మ కేసు మాటను పుట్టస్వామి తీర్పు తోసిపుచ్చింది. పునాది పోయాక కూడా పూరణ్ మల్ అలాగే నిలబడి ఉండటం నాకు అర్థం కాదు. విస్తృత ధర్మాసనం దాన్ని మళ్లీ చూడాలి.

అప్పటిదాకా ఉన్న చట్టాన్నయినా వాడుకుందాం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 185వ సెక్షన్ ప్రకారం వారంటు లేని సోదాకు ముందు కారణం రాసిపెట్టాలి, ఆ ప్రతి 48 గంటల్లో మేజిస్ట్రేటుకు చేరాలి. దారిన పోయేవాళ్లందరి ఫోన్లూ గాలించడానికి అందులో చోటు లేదు.

కుర్ర లాయర్లకు ఒక మనవి. రిమాండు రోజునే లేచి అడగండి: ఈ ఫోన్ తెరిచిందెవరు, ఏ కారణం రాసుకుని, ఆ కాగితం కోర్టుకు ఎప్పుడు చేరింది? జవాబు డాకెట్‌కు ఎక్కేదాకా కూర్చోకండి.