మద్యము – నడివయసు స్త్రీ

మద్యపానమును గూర్చి మాటాడునప్పుడు మనము పురుషుని నడివీధిలో నిలబెట్టి, స్త్రీని గడపలో కూర్చుండబెట్టుదుము. త్రాగువాడు అతడు, ఏడ్చునది ఆమె. ఈ చిత్రము అబద్ధమని మేము చెప్పము. కాని గూడూరు ప్రాంతము నెరిగిన మాకు ఇది సగము చిత్రముగానే తోచుచున్నది.

మా సీమలో అభ్రకపు గనులలోను, నిమ్మతోటలలోను, వరిమళ్ళలోను ఆడువారు మగవారితో సమముగా పాటుపడినవారే. ప్రొద్దు గూకిన పిమ్మట నడుమునొప్పికని ఒక గుక్క సారా పుచ్చుకొను స్త్రీలు కూలివాడలలో లేకపోలేదు. మగవాడు త్రాగినచో అలవాటందురు. ఆడుది త్రాగినదని తెలిసినచో ఆమె నడవడినే తప్పుపట్టుదురు. అందుచేత ఆమె దాచుకొని త్రాగును. మానదలచినను దాచుకొనియే మానవలసి వచ్చును. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము పదునైదేండ్లు నిండిన స్త్రీలలో మద్యము పుచ్చుకొనువారు తెలంగాణములో 6.7 శాతము; ఆంధ్రప్రదేశములో నూటికి ఒక్కరైనను లేరు. ఇది అడిగినవారికి ఆడువారు ఒప్పుకొనిన లెక్క యని శ్రోతలు మరువరాదు.

నెల్లూరు మండలమునకు మద్యనిషేధము క్రొత్త కాదు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రములో 1948 నాటికే అది అంతటను అమలులోనికి వచ్చినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1969లో దానిని సడలించినది. 1980ల దశకములో వారుణి వాహిని యను పేర సర్కారు సారాయే పొట్లములలో పల్లెలకు చేరినది. మంచినీటి కొరకు మైలు దూరము నడచు ఇల్లాలికి సారా మాత్రము గుమ్మము ముందరికే వచ్చినది!

అట్టి దినములలో అక్షరదీపమను వయోజన విద్యా కార్యక్రమము నెల్లూరు జిల్లాలో సాగినది. పగలెల్ల కూలి చేసి, రాత్రివేళ పలకలు పట్టిన స్త్రీలు తమ బ్రతుకులను గూర్చి ఒకరితో నొకరు చెప్పుకొనసాగిరి. కలిగిరి మండలములోని దూబగుంట గ్రామ స్త్రీలు తమ ఊరిలో సారా అమ్మకమును ఆపించిరి. వారి కథయే పాఠమై ఇతర గ్రామములకు పోయినది. 1992లో ఆ పట్టుదల జిల్లా యంతయు అల్లుకొని, సారా వేలముపాటలు సాగకుండ చేసినది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది; 1997లో అది సడలిపోయినది.

చట్టములు వచ్చినవి, పోయినవి. ఆ స్త్రీలకు దక్కినది మరియొకటి కలదు. పల్లెలో ఆడుదానికి సొంతపేరు పిలుపులో మిగులదు. ఫలానావాని కోడలు, ఫలానావాని పెండ్లాము, పిదప ఫలానావాని తల్లి. వర్ధినేని రోశమ్మ మాత్రము దూబగుంట రోశమ్మయై, 2016లో కన్నుమూయు వరకు ఆ పేరుననే లోకమునకు తెలిసియుండినది. ఊరిపేరే ఇంటిపేరగుట ఎందరికి దక్కును? నడివయసు వచ్చుసరికి పిల్లలు పెరుగుదురు, అత్తగారి అదుపు సడలును, వీధిలో నిలబడి నోరు విప్పుటకు జంకు తగ్గును. ఆ వయసునకు మనము సామాన్యముగా ముసలితనపు తొలిమెట్టని పేరు పెట్టుదుము. మా దృష్టిలో అది పొరపాటు.

మేమెరిగిన ఒక తల్లి ఇరువదేండ్లు త్రాగి, నలుబదియైదేండ్ల ప్రాయమున మానినది. ఆమెకు కష్టమైనది సారా విడుచుట కాదట, సాయంకాలమట. ఆమెతో కలిసి కూలికి పోయి, కలిసి కూర్చుండి పుచ్చుకొనిన చెలులు “పెద్దమనిషివైతివిలే” యని ఎత్తిపొడిచిరి. మగడు త్రాగుచునే యుండెను. కోడలు చంటిపిల్లను చేతికిచ్చుటకు ముందు ఆమె నోటివాసన చూచెడిది. “నేను మానేసినా నమ్మా, ఊరే ఇంకా నమ్మలా” అనినది. ఆ మాటకు మాకు వెంటనే బదులు తోచలేదు.

ఇచ్చట వైద్యులు చెప్పు రెండు సంగతులు మనవి చేయుదుము. స్త్రీ దేహమున నీటిపాలు తక్కువ. కావున పురుషునితో సమముగా త్రాగినను ఆమె రక్తమున మద్యము హెచ్చుగా నిలుచును, కాలేయము త్వరగా చెడును. వయసు ముదిరిన కొలది ఈ భేదము మరింత బాధించును. రెండవది, ఏండ్ల తరబడి అధికముగా త్రాగినవారు ఒక్కసారిగా మానినచో వణుకు, మూర్ఛ, మతిభ్రమణము కలుగవచ్చును, ప్రాణాపాయమును కలదు. ఒట్టు పెట్టించి ఇంటిలో కూర్చుండబెట్టుట గాక, ముందుగా ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మగవానిని అట్లు తీసికొనిపోవు కుటుంబములు సైతము ఆడుదానిని తీసికొనిపోవుటకు సిగ్గుపడుచున్నవి. ఆ సిగ్గుచేత ఆమె ప్రాణము పోయినను పోవును గదా.

ఆ తల్లి యిపుడు సాయంకాలము నిమ్మకాయల మండీలో కాయలు ఏరు పనికి పోవుచున్నది. ఎనిమిది గంటలకు ఇల్లు చేరి, అరుగుమీద కూర్చుండి, ఉప్పు వేసిన నిమ్మనీరు త్రాగును. మొన్న మేము పోయినప్పుడు మనుమరాలు ఆమె ఒడిలో నిద్రించుచుండెను. కోడలు వంటింటిలో నుండెను. ఒక్కమారైనను తొంగి చూడలేదు.