చిత్తస్వాస్థ్యము లేని బంధువు, అతని భూమి



మా మార్టూరులో నేను బడిపంతులుగా నుండిన దినములలో, దస్తావేజుపై సాక్షి చేవ్రాలు కావలసినప్పుడెల్ల జనులు నాకడకు వచ్చుచుండిరి. చదువుకొన్నవాడు, ఏ పక్షమునకును చెందనివాడు అని వారి నమ్మకము. అట్టి చేవ్రాళ్లలో ఒకదానిని గూర్చి నేడు మీతో చెప్పవలసియున్నది.

ఇద్దరు అన్నదమ్ములు. తమ్మునికి ఇరువదియారేండ్ల ప్రాయమున చిత్తము చెదరినది. రాత్రులు నిద్రలేక ప్రత్తిచేలగట్ల వెంబడి తిరుగుచుండెడివాడు. అన్న దుష్టుడు కాడు. తమ్ముని విశాఖపట్టణమునకు కొనిపోయి వైద్యము చేయించెను. అందులకై అప్పు చేసెను. ఆ యప్పు పెరుగుటచే, తమ్ముని వాటాకు వచ్చిన రెండెకరముల మిరపభూమిని తన పేర క్రయముగా వ్రాయించుకొనెను. తమ్ముడు చేవ్రాలు చేసెను. ప్రక్కన నేను సాక్షినైతిని.

ఏడెనిమిదేండ్లు గడచినవి. మందులు తప్పక వాడుటచే తమ్ముడు కుదుటపడెను. ఒకనాటి సాయంకాలము మా యరుగుమీద కూర్చుండి, “పంతులుగారూ! ఆనాడు నేనేమి వ్రాసి యిచ్చుచున్నానో నాకే తెలియదు. మీకెట్లు తెలిసినదండీ?” అని యడిగెను. నాకు ప్రత్యుత్తరము తోచలేదు. సాక్షియైనవాడు చేవ్రాలు చేయుట చూచితినని మాత్రమే చెప్పును గాని, దస్తావేజులోని విషయమునకు బాధ్యుడు కాడని ప్లీడరొకరు నన్ను ఊరడించిరి. ఆ యూరడింపు నాకు చాలలేదు. నాటినుండి ఈ విషయమై తెలిసినవారి నడిగియు, చట్టములు చదివియు గ్రహించినదానిని మీ ముందుంచుచున్నాను.

మొదట ఒక పాతమాట. “పిచ్చివానికి వాటా యేమి? అన్నము పెట్టిన చాలును” అని పంపకముల పంచాయతీలలో పెద్దలు పలుకగా నేను విన్నాను. ఆ మాటకు మూలము లేకపోలేదు. మనువును యాజ్ఞవల్క్యుడును ఉన్మత్తుని దాయభాగమునకు అనర్హునిగా చెప్పిరి. కాని జీవితాంతము పోషింపవలెననియు చెప్పిరి. మనవారు మొదటిది జ్ఞాపకముంచుకొని రెండవదానిని తరచుగా మరచుచుందురు. ఏదియెట్లున్నను ఆ నియమము నేడు చెల్లదు. 1928 నాటి చట్టము పుట్టుకతోనే మతిలేనివారికి తక్క తక్కినవారికి హక్కు నిలిపెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 28వ విభాగము ఆ మినహాయింపును కూడ తొలగించెను. కావున వ్యాధిగ్రస్తుని వాటా సంపూర్ణముగా అతనిదే.

అతనిదైనను అతడే నడుపుకొనలేనప్పుడు ఎవరు నడుపవలెను? 1858 లోనే, జిల్లా కోర్టులు విచారణ జరిపి అట్టివారి యాస్తికి మేనేజరును నియమించు పద్ధతి ఏర్పడెను. 1912 నాటి చట్టము దానిని విస్తరించెను. మేనేజరు కోర్టు అనుమతి లేనిదే అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, అయిదేండ్లకు మించి కౌలుకీయరాదు. ఆరు నెలలలో ఆస్తి పట్టికను, ఏటేట జమాఖర్చును కోర్టునకు దాఖలు చేయవలెను. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టమును ఇంచుమించు ఈ కట్టుబాట్లనే నిలిపినది. మా యన్నదమ్ముల దస్తావేజు నాటికి ఆ చట్టము అమలులోనే యుండెను. అన్న జిల్లా కోర్టునకు దరఖాస్తు పెట్టియుండినచో, వైద్యపు టప్పు తీర్చుటకు భూమిలో కొంతభాగము అమ్ముటకు అనుమతి దొరకియే యుండును. ఆ సంగతి ఆతనికి తెలియదు. అంతకంటె సిగ్గుచేటు, నాకును తెలియదు.

ఇప్పుడు కాలము మారినది. 2017 లో చేయబడి, 2018 లో అమలునకు వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 1987 నాటి చట్టమును రద్దుచేసెను. రోగి మర్యాదను, చికిత్సాహక్కును అది చక్కగా కాపాడుచున్నది. వ్యాధియున్నంత మాత్రమున మనుష్యుని మతిలేనివానిగా ఎంచరాదనియు, అట్లు నిర్ణయింపవలసినది న్యాయస్థానమే యనియు చెప్పుచున్నది. ఆస్తి నిర్వహణమును గూర్చి మాత్రము అందేమియు లేదు. రోగి నియమించుకొను ప్రతినిధి యని యొకరిని ఆ చట్టము చెప్పుచున్నది గాని, ఆ ప్రతినిధి వైద్యవిషయములకే. పొలము జోలికి పోరాదు. ఈ లోటు పెద్దదని నా యభిప్రాయము.

అట్లైన దారి యేది? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములో మానసిక వ్యాధియు చేరియున్నది. దాని 14వ విభాగము క్రింద, ఎంత సహాయమిచ్చినను తానుగా నిర్ణయము చేసికొనలేని వానికి జిల్లా కోర్టు గాని, ప్రభుత్వము నియమించిన యధికారి గాని పరిమిత సంరక్షకుని ఏర్పరుపవచ్చును. పరిమితమనగా, ఒక నిర్ణీతకార్యమునకు, నిర్ణీతకాలమునకు, రోగియిష్టము ననుసరించి, అతనితో కలిసి నడచుట. 13వ విభాగము ఇంకొక మంచిమాట చెప్పుచున్నది: సహాయకుని లాభమునకును రోగి లాభమునకును విరోధము కలిగిన ద్రవ్యవిషయమున సహాయకుడు తప్పుకొనవలెను. కొనువాడే సంరక్షకుడైన చోట ఏమి జరుగునో మా యూరి కథలో వింటిరి.

రోగి కదలక మెదలక స్మృతితప్పి యున్నప్పుడు హైకోర్టునకు పోవుటయు కలదు. కేరళ హైకోర్టు 2019 లో అట్టి సందర్భమున వైద్యమండలి పరీక్షయు, తహసీల్దారు హోదాకు తక్కువకాని యుద్యోగి విచారణయు ఉండవలెనని పద్ధతి నిర్ణయించినది. ఇక పుట్టుకనుండి బుద్ధివికాసము లేని వారి సంగతి వేరు. వారికై 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద కలెక్టరు అధ్యక్షతను గల స్థానికసంఘము సంరక్షకుని నియమించును. మా యూరు కదలకయే గుంటూరునుండి 1970 లో ప్రకాశము జిల్లాకు, 2022 లో బాపట్లకు మారినది. పాత కాగితములు పట్టుకొని పోవువారు కచేరీ యేదో ముందు విచారించుకొనుడు.

ముఖ్యముగా చెప్పవలసినది ముక్తారునామా సంగతి. “మతి బాగున్నప్పుడే జనరల్ పవరు వ్రాయించుకొన్నామండీ, ఇక భయము లేదు” అనువారు ఊరికి నలుగురుందురు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 201వ విభాగము ప్రకారము, వ్రాసియిచ్చినవాని మతి చలించిన తోడనే ఆ యధికారము సాధారణముగా ముగియును. మతి చలించిన సమయమున చేసిన ఒడంబడికయు చెల్లదు. నడుమ తేరుకొన్న వేళ చేసినది చెల్లును గాని, ఆ వేళ తేరియుండెనని రుజువు చేయవలసినవాడు దానిపై ఆధారపడువాడే. కావున వైద్యుని పరీక్షాపత్రము ఆనాటిదే దగ్గర నుంచుకొనుట మేలు. ఎదుటనున్నవాడు మతిలేనివాడని తోచినచో సబ్-రిజిస్ట్రారు దస్తావేజును నిరాకరింపవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమే చెప్పుచున్నది. ఏండ్లు గడచినవి గదా యని కొన్నవాడు నిశ్చింతగా నుండుటకును వీలులేదు. అట్టివాని విషయమున దావా గడువును కాలపరిమితి చట్టము 6వ విభాగము పొడిగించును. దావాలో అతని తరపున నిలుచువాడు సైతము కోర్టు అనుమతి లేక రాజీ పడరాదు.

పోషించువారికి రక్షణము లేదనుకొనకుడు. రోగి స్థితికి తగిన అన్నవస్త్రములకు, మందులకు పెట్టిన సొమ్మును అతని యాస్తినుండి రాబట్టుకొనవచ్చునని కాంట్రాక్టు చట్టము 68వ విభాగము. దానికి లెక్క కావలెను. మా యూరి యన్న వేలకొలది ఖర్చుపెట్టియు, మందుల చీట్లన్నియు అటుకమీద పడవేసి ఎలుకలపాలు చేసెను.

ఆ భూమి సంగతి యేమైనదందురా? ఒక యెకరము అప్పటికే రాతిపలకలు కోయు కర్మాగారమునకు పోయినది. అది తిరిగి రాలేదు. ఈ మాటలన్నియు నేను చెప్పగా అన్న పదునైదు దినములు నాతో మాటలాడలేదు. పిమ్మట తనంతట తానే వచ్చి, రెండవ యెకరమును తమ్ముని పేర వ్రాసియిచ్చెదననెను. పోయిన యెకరమును వైద్యపు టప్పు క్రింద జమకట్టుకొనుటకు తమ్ముడు సమ్మతించెను. ఆ దస్తావేజునకును నన్నే సాక్షిగా రమ్మనిరి. పోయితిని. తమ్ముడు దానిని మొదటినుండి కడవరకు బిగ్గరగా చదివెను. సరిహద్దుల దగ్గర ఒక తప్పు చూపి దిద్దించెను. అటుపిమ్మట నేను చేవ్రాలు చేసితిని.