పూత లేని రంగు

 

నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు మండలం అనగానే వరి మళ్లు, రొయ్యల చెరువులు, కోడూరు బీచ్ గుర్తొస్తాయి. అలాంటి చోట టైటానియం మీద లేజరుతో రంగులు తెప్పించే పని ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఈ లోహం ఆనవాలు మొదట దొరికింది ఇసుకలోనే. 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అనే మతాచార్యుడు వాగులోని నల్ల ఇసుకను పరీక్షించి దీన్ని గుర్తించాడు. ఆంధ్ర తీరంలో భీమునిపట్నం ఇసుకలోనూ టైటానియం ఖనిజం ఇల్మెనైట్ ఉంది. కేరళలోని చవరలో 2011లో మొదలైన టైటానియం స్పాంజి కర్మాగారానికి సాంకేతికత ఇచ్చింది హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్ఎల్. ఇక్కడికి దక్షిణాన శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్ఎల్‌వీ రాకెట్ నాలుగో దశలో ఇంధన ట్యాంకులు టైటానియంవే.

లేజరూ ఇక్కడ కొత్త కాదు. నగల తయారీలో నెల్లూరుకు పేరుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణంలో అమ్మే హాల్‌మార్కు బంగారు నగ మీద అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల గుర్తు తప్పనిసరి. దాన్ని లేజరుతోనే చెక్కుతారు. బంగారం మీద ఆ కాంతి గీత మాత్రమే మిగులుస్తుంది, ఎందుకంటే బంగారం ఆక్సిజన్‌తో కలవదు. టైటానియం కలుస్తుంది. లేజరు తాకిన చోట లోహం వేడెక్కి, గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని, పారదర్శకమైన ఆక్సైడ్ పొరను కడుతుంది. ఆ పొర పైభాగం నుంచి కొంత కాంతి, అడుగునున్న లోహం నుంచి కొంత కాంతి వెనక్కి వస్తాయి. రెండూ కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని ఆరిపోతాయి. పడవ ఇంజను నుంచి కారిన డీజిల్ నీటి మీద పరుచుకున్నప్పుడు కనిపించే హరివిల్లుకు కారణమూ ఇదే.

అంటే రంగును నిర్ణయించేది పొర మందం. నానోమీటర్లలో కొలిచే ఆ పొర పెరుగుతున్నకొద్దీ ముందు లేత బంగారు వన్నె, తర్వాత ఊదా, నీలం, లేత నీలం వస్తాయి. ఇంకా పెరిగితే మళ్లీ పసుపు, గులాబి, ఆకుపచ్చ.

మందాన్ని అదుపు చేయడమంటే వేడిని అదుపు చేయడం. ఫైబర్ లేజరు యంత్రంలో పవర్, వేగం, ఫ్రీక్వెన్సీ, గీతల మధ్య దూరం, ఫోకస్ అన్నీ ఈ పనికే వస్తాయి. మోపా రకంలో పల్స్ నిడివినీ మార్చుకోవచ్చు కాబట్టి రంగుల పనివాళ్లు దాన్నే కోరుకుంటారు. వేగం తగ్గిస్తే ఒకచోట వేడి ఎక్కువ నిలుస్తుంది. గీతలు దగ్గరైతే మొదటి గీత చల్లారకముందే పక్క గీత వచ్చి పడుతుంది. ఒకేసారి రెండు సంఖ్యలు మారిస్తే ఏది రంగును మార్చిందో తెలియదు. అందుకే తెలిసిన పనివాడు ముందు పనికిరాని రేకు మీద చిన్న గడుల పట్టిక కాలుస్తాడు. అడ్డంగా వేగం ఒక్కటే, నిలువుగా ఫ్రీక్వెన్సీ ఒక్కటే మారుతుంది, మిగతావన్నీ స్థిరం. నచ్చిన గడి పక్కన ఆ అంకెలు రాసుకుంటాడు.

ఇంత చేసినా, ఒక యంత్రంలో నీలం ఇచ్చిన అంకెలు మరో యంత్రంలో ఊదా ఇవ్వవచ్చు. లెన్సు మారితే కాంతి చుక్క సైజు మారుతుంది. పలుచటి రేకు మందపాటి దిమ్మ కంటే త్వరగా వేడెక్కుతుంది. అరువు తెచ్చుకున్న పట్టిక ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది, అంతే. సొంత నోటు పుస్తకంలో లెన్సు, రేకు మందం, లోహం గ్రేడు, ఫోకస్ ఎత్తు కూడా ఉండాలి. కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి ఇదంతా రాసుకోవడం కాలం వృథాగా కనిపించవచ్చు. నెల తర్వాత అదే నీలం కావాలని మళ్లీ ఆర్డరు వచ్చినప్పుడు పని నిలబడేది ఆ పేజీ మీదే.

కళ్లజోడు విషయంలో రాజీ వద్దు. ఈ లేజరు 1064 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు, రెటీనాను మాత్రం దెబ్బతీస్తుంది. ఆ తరంగదైర్ఘ్యానికి తగిన అద్దాలే పెట్టుకోవాలి.

వేలిముద్ర జిడ్డు పడితే రంగు మసకబారుతుంది, ఆల్కహాలుతో తుడిస్తే మళ్లీ తేటపడుతుంది. అచ్చమైన ఎరుపు మాత్రం ఈ పొరల నుంచి రాదు, గులాబి దగ్గరే ఆగిపోతుంది. ఎర్రటి పేరు చెక్కించమని వచ్చిన కొనుగోలుదారుకి ఆ సంగతి బయానా తీసుకోకముందే చెప్పాలి.