గోదావరిఖని: బొగ్గు నగరంలో స్త్రీల లెక్క



ఒక పారిశ్రామిక నగరాన్ని పరిచయం చేయమంటే ఎవరైనా టన్నులూ మెగావాట్లే చెబుతారు. రామగుండం, గోదావరిఖని గురించి అట్లా చెప్పడం తేలికే. 1961లో ఇక్కడ సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది. 1978లో ఎన్‌టిపిసికి పునాదిరాయి పడింది. ఆ పాత కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు. బొగ్గుతో యూరియా తయారుచేసే ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి ప్రారంభించి 1999లో మూతపడింది. అదే చోట గ్యాసుతో నడిచే కొత్త కర్మాగారం 2021లో మొదలైంది. 2011 జనాభా లెక్కల ప్రకారం నగరంలో దాదాపు 2 లక్షల 30 వేల మంది ఉన్నారు. ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోని ఈ ఊరు 2016 నుంచి పెద్దపల్లి జిల్లాలో ఉంది.

మరి ఈ లెక్కల్లో ఆడవాళ్లు ఎక్కడ?

1952 గనుల చట్టం 46వ సెక్షను స్త్రీలు భూగర్భంలో పనిచేయడాన్ని నిషేధించింది. ఉపరితలం మీద కూడా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకే అనుమతించింది. రక్షణ పేరుతో వచ్చిన ఈ నిషేధం ఊరి స్వభావాన్నే నిర్ణయించింది: బాయి మగవాడిది, ఇల్లు ఆడదానిది. 2019లో సడలింపు వచ్చింది. కానీ భూగర్భంలో పగటిపూట సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజిమెంటు ఉద్యోగాలకే అది పరిమితమైంది. చదువుకున్న అమ్మాయికి దారి తెరుచుకోవడం మంచిదే. కూలి చేసే స్త్రీకి మాత్రం ఆ దారి తెరుచుకోలేదు.

అట్లాగని ఆమె బాయికి బయట ఉందా? మగవాడు రోజుకు ఒక షిఫ్టే చేస్తాడు. ఇంట్లో భర్తది ఒక షిఫ్టు, కొడుకుది ఇంకో షిఫ్టు అయితే ఆమెకు మూడు షిఫ్టులూ డ్యూటీయే. తెల్లారకముందే లేచి టిఫిను కట్టేది ఆమె. నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పగలు పడుకుంటే పిల్లల్ని చప్పుడు చేయనీయకుండా చూసేది ఆమె. మసిబట్టలు ఉతికేది ఆమె. ఈ చాకిరీ లేకుండా ఒక్క టన్ను బొగ్గయినా పైకొస్తుందా? దానికి జీతం లేదు, మస్టరు లేదు.

కంపెనీ కాగితాల్లో ఆమె పేరు ముఖ్యంగా కనబడేది రెండు చోట్ల: నామినీగా, వితంతువుగా. జాతీయ బొగ్గు వేతన ఒప్పందం ప్రకారం, చనిపోయిన కార్మికుడి మీద ఆధారపడిన స్త్రీ 45 ఏళ్ల లోపుదైతే ఉద్యోగమో, నెలవారీ పరిహారమో ఎంచుకోవచ్చు. వయసు దాటితే పరిహారం ఒక్కటే. కాగితం మీద ఎంపిక ఆమెదే. అయితే సారె చీర కట్టినవాళ్లో, మరుదులో, కొడుకులో ముందే తేల్చేసి ఆమెతో సంతకం పెట్టిస్తే అది ఎవరి ఎంపిక? ఉద్యోగం కొడుక్కి రాసిచ్చిన తల్లి, రేపు అన్నం కోసం అదే కొడుకు మీద కేసు వేయాల్సి రావడం ఎవరి తప్పు? ఆ ఒప్పందం మొదట రాసినప్పుడు వారసుల్లో 'పెళ్లికాని కూతురు' అనే పేర్కొన్నారు. కొడుక్కి అలాంటి షరతు పెట్టలేదు. పితృస్వామ్యం ఎంత మామూలుగా కార్మిక ఒప్పందాల్లోకి దూరుతుందో చూడండి.

ఇప్పుడు ఆ ఉద్యోగాలే తగ్గిపోతున్నాయి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు, నేడు సుమారు 40 వేలు. ఓపెన్‌కాస్టులు పెరిగాయి, కాంట్రాక్టు పని పెరిగింది. గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లాలోని శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాలదీ ఇదే దారి.

జర్మనీలో బోట్రోప్ అనే ఇలాంటి బొగ్గు నగరం ఉంది. ఆ దేశపు చివరి రాతిబొగ్గు భూగర్భగని అక్కడే 2018 డిసెంబరులో మూతపడింది. మూసివేత నిర్ణయం 2007లోనే జరిగింది కాబట్టి కార్మికుల సంగతి ముందే ఆలోచించడానికి పదేళ్ల వ్యవధి దొరికింది. మన దగ్గర ఎరువుల కర్మాగారం మూతపడ్డాక కొత్తది నడవడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. జీతం ఆగినా పొయ్యి ఆగదు కదా. ఆ ఇరవై ఏళ్లు ఇళ్లు ఎట్లా గడిచాయో ఆడవాళ్లను అడిగి రాసుకోవలసిన బాధ్యత మనది.

కాబట్టి మనం చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. వారసత్వ ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టకముందే ఆ స్త్రీతో, బంధువులు లేకుండా, విడిగా మాట్లాడే ఏర్పాటు కోసం యూనియన్లను అడగాలి. ఓపెన్‌కాస్టు కింద పోయే ఊళ్లల్లో 2013 భూసేకరణ చట్టాన్ని చదివి వినిపించాలి. వితంతువులనూ, విడాకులు పొందినవారినీ, కుటుంబం వదిలేసిన స్త్రీలనూ ఆ చట్టం వేరు కుటుంబాలుగా గుర్తించింది. సర్వే జాబితాలో వాళ్ల పేర్లు విడిగా ఉన్నాయా లేదా అన్నది గ్రామసభలోనే తేల్చుకోవాలి, ఇళ్లు కూలిన తర్వాత కాదు. బాయి మూసేటప్పుడు జరిగే చర్చల్లో కార్మికుల భార్యలకు, కాంట్రాక్టు స్త్రీలకు చోటు కోరాలి.

ఈ నగరాన్ని నిలబెట్టిన వాళ్లలో సగం మంది పేర్లు మస్టర్లో లేవు. ఆ పేర్లు రాయడంతోనే మన పని మొదలుపెడదాం.