మా అమ్మ వెన్నునొప్పి
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మేము ఉపన్యాసకులము కాము. మెట్రిక్‌తో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాపని చేసుకొనువారము. పది నిమిషములు ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించగా, మాకు బాగుగా తెలిసిన సంగతి ఒక్కటే తోచినది. అది రెండేండ్లుగా మా ఇంట కాపురమున్న వెన్నునొప్పి. పండుగనాడు జబ్బుల మాట ఏమిటని ఎవరైనా అనుకొన్నచో మన్నించవలెను. ముందువరుసలో కూర్చున్న పెద్దలను చూచిన తరువాత వేరే మాట నోటికి రాలేదు.

మా అమ్మకు డెబ్బదియొకటవ ఏడు. చంద్రగిరి ప్రక్క పల్లె. నాన్నగారు పోయిన పిమ్మట మా వద్దకు, కృష్ణరాజపురమునకు వచ్చినది. వచ్చిన యేడే మేము గమనింపవలసినవి రెండు జరిగినవి. ఒకటి, ఆమె చీర కుచ్చిళ్ళు నేలమీద ఈడ్చుకొనిపోవుట. "సరిగా కట్టుకోవేమమ్మా, కాలికి తట్టుకొని పడతావు" అని మేమే కసురుకొనేవారము. రెండవది, వంటింటి పై అరలోని చింతపండు డబ్బా ఆమెకు అందకపోవుట. మనుమరాలిని కుర్చీ ఎక్కించి తీయించుకొనేది. పట్నపు ఇళ్ళలో అరలు ఎత్తుగా కట్టుదురనుకొన్నాము. అమ్మ మూడంగుళములు పొట్టిదైనదని తరువాత కొలిచినప్పుడు గాని తెలియలేదు.

ఒకనాడు తెల్లవారుజామున కావేరి నీళ్ళు వచ్చినవి. అమ్మ సగము నిండిన బిందె ఎత్తబోయి వంగినది, అట్లే వుండిపోయినది. పడలేదు, జారలేదు. పడకుండ ఎముక విరుగునని మాలో ఒక్కరికీ తోచలేదు. నడుము పట్టినదన్నాము, వయస్సులో మామూలే అన్నాము. మూడు వారములు బాములు, కాపడము, మందుల అంగడిలో అడిగి తెచ్చిన నొప్పిమాత్రలు. అటుపిమ్మట ఎవరో చెప్పగా మర్దన చేయు ఒకాయనను ఇంటికి పిలిపించినాము. మా ప్రాంతమువారికి పుత్తూరు కట్టుమీద ఎంత గురియో మీకు తెలియును. మా నాన్నగారి ముంజేయి విరిగినప్పుడు ఆ కట్టుతోనే కుదిరినది. ఈయనకు ఆ వూరితో సంబంధము లేదు, కట్టు కట్టు విద్యయు లేదు. అమ్మను బోర్ల పడుకోబెట్టి వెన్నుమీద మోకాలు ఆనించి నొక్కినాడు. ఆ కేక ఇప్పటికీ మా చెవిలోనున్నది. అయినను డబ్బిచ్చి మర్యాదగా పంపినాము. పిలిపించినవారము మేమే గనుక ఆ తప్పు మాదే.

రాత్రులు అమ్మ మూలిగేది కాదు. తగ్గుచున్నదని సంతోషించితిమి. ఒకరోజు మా పాప చెప్పినది: "అవ్వ నోట్లో కొంగు పెట్టుకుంటుంది నాన్నా. నీకు పొద్దున డ్యూటీ వుందంట, లేపొద్దంట." మరునాడే సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకొనిపోయినాము.

ఎక్సురేలో వెన్నుపూస యొకటి ముందువైపు నలిగి, అరిగిన చెప్పు మడమవలె ఏటవాలుగా కనబడినది. ఎముకల సాంద్రత కొలుచు డెక్సా పరీక్ష వ్రాసినారు. దానిలో మైనస్ 2.5గాని అంతకు దిగువగాని వచ్చినచో ఎముక గుల్లబారినట్లు లెక్క. అమ్మకు మైనస్ 3.4 వచ్చినది. ఆ డాక్టరమ్మగారు అంతవరకు ఎవ్వరును అడుగని ప్రశ్న యొకటి అడిగినారు. నెలసరి ఏ వయస్సులో ఆగినదమ్మా అని. అమ్మ మావైపు చూచినది. మేము బయటకు వచ్చినాము.

తరువాత మా ఇంటావిడ చెప్పగా విన్నాము. అమ్మకు ముప్పదియైదవ ఏటనే గర్భసంచి తీసివేసినారట, దానితో అండాశయములు కూడ. అప్పుడు మేము ఒళ్ళో బిడ్డలము. ఈ సంగతి సభలో చెప్పవచ్చునా అని సందేహించితిమి. "చెప్పు నాయనా, ఏ బిడ్డకో పనికొస్తుంది" అని అమ్మే అన్నది. స్త్రీల ఎముకను కాపాడు ఈస్ట్రోజన్ అండాశయములనుండి వచ్చును. అది తొందరగా ఆగినచో ఎముక తొందరగా గుల్లబారును. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశమునకెల్ల మొదటి రెండు స్థానములు మనవే. మీ ఇంట అమ్మను, అత్తను, పిన్నిని ఒక్కమారు అడుగుడు. మగవారము అడుగలేకపోయిన ఆడవారిచేత అడిగింపుడు.

విటమిన్ డి కూడ అమ్మకు చాల తక్కువ. ఎండలో కలుపు తీసిన మనిషికి ఇదేమి చోద్యమనుకొన్నాము. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థవారు ముట్లుడిగిన స్త్రీలను పరీక్షించి 2005లో ప్రకటించినదానిలో నూటికి ఎనుబదిమందికి పైగా ఆ విటమిన్ చాలలేదట. తిరుపతి యెండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఇక మా ఇల్లు చూడబోతే క్రింది అంతస్తు, కిటికీకి ఎదురుగా పొరుగింటి గోడ. తిండి సంగతి చెప్పుటకు సిగ్గుగానున్నది. అమ్మ సంగటి తిని పెరిగినది. పట్నము వచ్చి మేము తెల్లన్నమునకు మరిగి, సంగటి మానిపించితిమి. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియమున్నది. ఆమె వయస్సువారికి రోజుకు 1200 కావలెను. కనుక సంగటి, పాలు, పెరుగు, పైన మాత్ర.

వారమునకొక మాత్ర మ్రింగు మందున్నది గాని, దానిని పరగడుపున నిండు గ్లాసెడు మంచినీళ్ళతో వేసుకొని, అరగంట పడుకొనరాదు. అమ్మ అప్పుడు అరగంట కూర్చుండలేదు. అందుచేత మూత్రపిండముల పరీక్ష చేసి, విటమిన్ సరిచేసి, ఏడాదికొకసారి నరములోనికి ఎక్కించు జొలెడ్రోనిక్ ఆమ్లము ఇచ్చినారు. మొదటిసారి రెండు దినములు జ్వరము వచ్చినది. వచ్చునని ముందే చెప్పినారు గనుక బెదరలేదు. ఎవరికి ఏ మందో డాక్టరే చెప్పవలెను. అంగడి నొప్పిమాత్రలు మాత్రము నాటితో సరి. అవి ముసలివారి కడుపునకు, మూత్రపిండములకు చేటు. కాళ్ళు తిమ్మిరెక్కి పట్టుతప్పినా, మూత్రము ఆగినా, తెలియక పోయినా, ఆ క్షణమే ఆసుపత్రికి పోవలెను.

మంచమునుండి లేచుట ఆమెకు మా ఇంటావిడ నేర్పినది. మొదట ప్రక్కకు ఒత్తిగిల్లి, కాళ్ళు క్రిందికి దించి, చేతితో నొక్కుకొని లేవవలెను. నెలల తరబడి మంచమున వుంచరాదు, ఎముక ఇంకను పలుచబడును. పీట తీసివేసి కుర్చీ వేసినాము. బిందెకు బదులు గొట్టము. ఊరికి పోవునప్పుడు క్రింది బెర్తు. 45 ఏండ్లు దాటిన స్త్రీలకు దానికి వేరే కోటా వున్నది. టిక్కెట్టు తీయునప్పుడు వయస్సు నిజము వ్రాయుడు; తగ్గించి వ్రాయించు తల్లులను మేము కిటికీలోనుండి చూచుచునే వున్నాము.

మూడు నెలలకు పోట్లు తగ్గినవి. వంగిన వెన్ను మాత్రము తిరిగి నిలువదట. ఈ ఉదయము కుర్చీలో కూర్చుండి వేపపువ్వు దూసినది, పచ్చడిలో బెల్లము చాలదని కోడలిని సాధించినది కూడ. క్రొత్తచీర అంచు మా ఇంటావిడ మూడంగుళములు లోనికి మడిచి కుట్టినది. ఆ చీరతోనే వెనుకవరుసలో, గోడప్రక్కన, వెన్నుకు దిండు పెట్టుకొని కూర్చున్నది మా అమ్మే. గంటకు మించి కూర్చుండబెట్టవద్దని డాక్టరమ్మగారు చెప్పియున్నారు గనుక, మేము సెలవు తీసుకొనుచున్నాము.