వంశమున వచ్చు మూత్రపిండ వ్యాధి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



విజ్ఞానేశ్వరుని మితాక్షర ననుసరించి తాతతండ్రుల ఆస్తిలో కుమారునికి పుట్టుకతోనే హక్కు కలుగును. ఆస్తివలెనే కొన్ని వ్యాధులును పుట్టుకతోనే సంక్రమించును. మూత్రపిండములందు నీటితిత్తులు పెరుగు వ్యాధి అట్టి వానిలో నొకటి. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

ఈ వ్యాధికి ముఖ్యముగా రెండు జన్యువులు కారణములు. 16వ క్రోమోజోముపై నున్న దానిని 1994లోను, 4వ క్రోమోజోముపై నున్న దానిని 1996లోను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. తలిదండ్రులలో నొకరికి ఈ లోపమున్నయెడల ప్రతి బిడ్డకును అది వచ్చు అవకాశము సగము. నలుగురిలో ఇద్దరికి వచ్చి తీరుననిగాని, అన్నకు వచ్చినది గనుక తమ్మునికి రాదనిగాని లెక్క వేయరాదు. ప్రతి కాన్పునకును లెక్క మొదటికి వచ్చును. ఆడుబిడ్డకును మగబిడ్డకును సమానమే.

అయినను అందరికిని వ్యాధి ఒకే వేగమున ముదరదు. మొదటి జన్యువు చెడినవారిలో పెక్కుమందికి 50, 60 ఏండ్ల ప్రాయమున మూత్రపిండములు పనిచేయుట మానును. రెండవది చెడినవారికి సాధారణముగా 70 దాటిన పిమ్మటనే. కొందరికి ఆ అవస్థయే రాదు. 35 ఏండ్లకు ముందే రక్తపుపోటు వచ్చుట వ్యాధి త్వరగా ముదురుననుటకు సూచన.

పుట్టుకను మార్చలేము. రక్తపుపోటును అదుపులో నుంచుట, ఉప్పు తగ్గించుట, పొగ మానుట, వైద్యుని అడుగక నొప్పిమాత్రలు మ్రింగకుండుట మన చేతిలోనివి. త్వరగా ముదురు వ్యాధికి టోల్వాప్టాన్ అను ఔషధమును 2018లో అమెరికాలో అనుమతించిరి. కాలేయ పరీక్షలు చేయించుకొనుచు వైద్యుని పర్యవేక్షణలోనే దానిని వాడవలెను.

ఇక దాపరికము. పెండ్లి సంబంధములు చెడునను భయమున ఈ మాటను బయటికి రానీయని కుటుంబములు కలవు. దాచిన అప్పునకు వడ్డీ ఆగదు. తండ్రి దాచినచో కొడుకు సకాలమున రక్తపుపోటు చూపించుకొనడు. అన్నకు మూత్రపిండము నీయగోరు తమ్మునికి సైతము ఆ లోపముండవచ్చును. పిన్నవయసున స్కానింగునందు తిత్తులు కనబడకపోవచ్చును. అట్టిచో జన్యుపరీక్ష అక్కరకు వచ్చును.

మన పెద్దలు వంశవృక్షములు వ్రాసి భద్రపరచిరి. ఆ కాగితముననే ఎవరు ఏ వ్యాధితో, ఏ ప్రాయమున గతించిరో వ్రాసి బిడ్డల చేతికిండు. పొలము దస్తావేజులతోపాటు దానినిగూడ పెట్టెలో దాచుడు. వైద్యుని యొద్దకు పోవునప్పుడు వెంట గొనిపొండు.