పక్షులను చూడబోవువారు



శీతకాలము వచ్చినంతనే సూళ్లూరుపేట మార్గమున జనసమ్మర్దము హెచ్చును. తిరుపతి జిల్లాలోని పులికాటు సరస్సునకు ఫ్లెమింగోలును, దానికి చేరువనున్న నేలపట్టు చెఱువునకు గూడబాతులును వచ్చును. వానిని చూచుటకై పట్టణములనుండి కుటుంబములు తరలివచ్చుచున్నవి. 2001లో ఆరంభమైన ఫ్లెమింగో పండుగ నడుమ కొన్ని యేండ్లు ఆగినను, 2025 జనవరిలో మరల జరిగినది. ఇది సంతోషింపదగిన విషయమే. తుపాకి చేతబూని పక్షులకొఱకు వెడలిన కాలము పోయి, బిడ్డలను చంకనిడుకొని చూడ వెడలు కాలము వచ్చినది.

ఐనను చూడవచ్చినవారి మనస్సులో ఒక విచిత్రమైన భావము నాటుకొనియున్నది. "మేము వానిని కొట్టలేదు, పట్టలేదు; చూచితిమి, అంతియే కదా! దానివలన వానికేమి నష్టము?" అని వారందురు. ఆ చూచుట యెట్టిదో విచారింపవలెను. ఫ్లెమింగో నిలుచుండగా దాని రెక్కలలోని యెఱ్ఱదనము చాలవఱకు కానరాదు, ఎగిరినప్పుడే కానవచ్చును. కావున ఛాయాచిత్రము కొఱకు చప్పట్లు చరచువారును, కేకలు వేయువారును, రాయి విసరువారును గలరు. గుంపు లేచును, ఆకాశము కెంపెక్కును, వచ్చినవారు మురిసి మరలిపోవుదురు. పక్షికి జరిగినదేమి? అది లోతులేని నీటిలో ముక్కును తలక్రిందుగా ముంచి, బురదనీటిని వడగట్టి, అతిసూక్ష్మములైన జీవులను ఏరుకొని తినునది. కడుపు నిండుటకు గంటలు పట్టును. దానిని నడుమ లేపుట విస్తరి ముందు కూర్చున్నవానిని చేయిపట్టి లేపుట వంటిది. తెలుగింట అంతకు మించిన అపచారము లేదు. పైగా ఎగురుటకు వ్యయమైన శక్తిని ఆ పక్షి మరల తిండితోనే పూరించుకొనవలెను.

నేలపట్టు సంగతి ఇంకను సున్నితమైనది. 1976లో పక్షిరక్షిత కేంద్రముగా ప్రకటింపబడిన ఆ చెఱువులో గూడబాతులు నీట నిలిచిన చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. మనుష్యుడు మిక్కిలి సమీపించినచో తల్లి గూడు విడిచి లేచును. అది తిరిగి వచ్చులోపల గ్రుడ్లు కాకుల పాలు కావచ్చును. ఈకలు మొలవని పిల్ల యెండకు తాళలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము "వేట" యను పదమునకు చెప్పిన యర్థములో, పక్షుల గ్రుడ్లకు గాని గూళ్లకు గాని అలజడి కలిగించుటను గూడ చేర్చినది. ఈ నిర్వచనమును చదివిన యాత్రికులు అరుదు. తుపాకి లేనివాడు వేటకాడు కాడను నమ్మకము అంత బలమైనది!

చెఱువు క్రింది రైతు దృష్టి వేఱు. తమిళదేశమున చెంగల్పట్టు ప్రాంతమునందలి వేడంతాంగల్ గ్రామస్థులు, ఆంగ్లసైనికులు తమ చెఱువు పక్షులను కాల్చుచుండగా, కలెక్టరు లయనెల్ ప్లేసునకు మొఱపెట్టుకొని 1798లో రక్షణపత్రమును పొందిరి. పక్షుల రెట్ట కలిసిన నీరు పైరునకు ఎరువని వారెఱుగుదురు. నేలపట్టు రైతులును ఆ మాటయే చెప్పుదురు. ఇది స్వార్థమనువారుండవచ్చును. కాని స్వార్థమైనను ఆ రైతు పక్షిని లేపడు. దాని దారిని అది యుండగా తన దారిని తాను మడికి నీరు పెట్టుకొనును. యాత్రికుని ప్రేమకో, డబ్బిచ్చి వచ్చితినను హక్కు తోడైనది. అందుచేత ఆ ప్రేమ పక్షిని ఆడింపగోరును.

యాత్రికులను రానీయరాదను వాదము సరికాదు. వారివలన పడవవానికిని, టీ దుకాణమువానికిని నాలుగు డబ్బులు దొరకుచున్నవి. ఎన్నడును చూడని పక్షిపై పిల్లలకు మక్కువ యెట్లు పుట్టును? నేలపట్టులో ఎత్తైన మంచె యొకటి కట్టబడియున్నది. దానిపైనుండి దుర్భిణితో చూచినచో, గూటిలోని పిల్ల తల్లి గొంతులో తల దూర్చి చేపను తీసికొనుట కానవచ్చును. బెదరి లేచిన గుంపులో ఆ దృశ్యము దొరకదు. దానికై అరగంట కదలక మెదలక కూర్చుండవలెను. సెలవునాడు వచ్చినవారికి ఆ యరగంటయే కష్టము. పులికాటులో పడవ యెక్కినవారు ఇంకను దగ్గఱకు, ఇంకను దగ్గఱకు పోనిమ్మని పడవవానిని తొందరపెట్టుదురు. పక్షులు బెదరునని అతడెఱుగును. ఆ పూట కూలి వారి చేతిలో నున్నందున, మాఱుమాటాడక పడవను ముందునకు నడుపును.